స్క్రూ మీద ఎర్ర గీత

లిఫ్టు బాబాయికి మాట్లాడటం రాదని ఎవరైనా అంటే వాళ్ళకి ఆయన సంగతి తెలియదన్నమాటే. పెద్ద ఆఫీసు మేడలో లిఫ్టు నడిపినన్నాళ్ళూ ఆయన నోరు మూతపడిందే లేదు. "ఏంటి సార్, ఇవాళ ఆలస్యం?" అనేవాడు. "ఏమ్మా, పాపకి జ్వరం తగ్గిందా?" అనేవాడు. జవాబు సగంలో ఉండగానే తలుపులు తెరుచుకునేవి. మిగతా సగం వాళ్ళ వెంటే ఏ వరండాలోకో పోయేది. అలా సగం సగం కబుర్లతోనే ఆయనకి కడుపు నిండిపోయేది. పెళ్ళి సంగతి చూద్దాం చూద్దాం అంటుండగానే జుట్టు నెరిసింది. ఆ మాట కూడా ఎవరో అడగబోతే వాళ్ళ అంతస్తు వచ్చేసింది.

తర్వాత మేడకి కొత్త లిఫ్టు వచ్చింది. అందులో ఎవరిదో ఆడగొంతు అంతస్తుల పేర్లు తనే చదివేస్తుంది, ఎవరి జ్వరమూ అడగదు. బాబాయి చేతిలో ఒక గోడగడియారం పెట్టి ఇంటికి పంపారు. ఆ ఇల్లూ మేడవాళ్ళు ఇచ్చిన గదే కావడంతో, గడియారం తగిలించుకోవడానికి గోడ కూడా లేకుండా పోయింది.

అప్పుడు అక్క ఆదుకుంది. బావ రిటైరయ్యాక ఊళ్ళు తిరుగుతానని కొన్న క్యారవాన్ ఒకటి ఉంది. కారు వెనక తగిలించుకుని లాక్కెళ్ళే చక్రాల ఇల్లు. ఒక్కసారి తిరిగేసరికే బావకి నడుం పట్టేసింది. "ఊరికే పడి ఉందిరా, నువ్వుండు," అంది అక్క. కార్లు కడిగే షెడ్డు వెనక, జనం తమ క్యారవాన్లు అద్దెకి నిలుపుకునే ఖాళీ జాగాలో ఉందది. మిగతా బళ్ళన్నీ టార్పాలిన్లు కప్పుకుని తాళాలతో నిలబడి ఉంటాయి. వాటి యజమానులు సెలవుల్లో వచ్చి బండి తగిలించుకుని పోతారు. అంత జాగాలోనూ కిటికీకి తెర ఉన్నది బాబాయి బండికి ఒక్కదానికే.

బండిలో మంచం, బల్ల, బల్లకి అటొకటి ఇటొకటి రెండు కుర్చీలు, గ్యాసు పొయ్యి, తలుపు దగ్గర ఒక్క దీపం. మంచం మీద పడుకుని పేపరు చదవాలంటే కళ్ళు చికిలించాలి. తలాపున ఒక దీపం పెట్టించుకుందామని షెడ్డువాణ్ణి అడిగితే, వైరింగమ్మని పిలవమన్నాడు.

ఆమెకి నలభై లోపే ఉంటాయి. భుజాన పనిసంచీ, చెవి మీద పెన్సిలు. లోపలికి వస్తూనే బాబాయి సొంతంగా కొనిపెట్టుకున్న సన్నటి వైరు చుట్ట చూసి పెదవి విరిచింది.

"ఇది బొమ్మకారుకి పనికొస్తుంది బాబాయ్ గారూ. దీపం ఎక్కణ్ణుంచి లాగుదామనుకున్నారు?"

"ఆ తలుపు దగ్గర దీపం వైరు ఉందిగా అమ్మా. దాన్ని కాస్త చెక్కి, ఇది మెలేసి..."

"అయ్యో రామ! మెలేసి, పైన టేపు చుట్టి, దండం పెట్టుకుందామనుకున్నారా?"

బాబాయి తెల్లముఖం వేశాడు. "పన్నెండు వోల్టులే కదమ్మా. ముట్టుకున్నా షాక్ కొట్టదన్నాడు మా బావ."

"అందరూ అక్కడే బోల్తా పడతారు. షాక్ కొట్టదు నిజమే. కొంప మాత్రం తగలబెడుతుంది." ఆమె మంచం కింద పలక ఎత్తి బ్యాటరీ చూపించింది. "వోల్టులు తక్కువ కదా, అదే పని చేయాలంటే కరెంటు ఎక్కువ పారాలి. సన్న వైరైతే వేడెక్కి కూర్చుంటుంది. ఎవరి వైరు వాళ్ళకుండాలి, ఎవరి ఫ్యూజు వాళ్ళకుండాలి. ఫ్యూజు దీపాన్ని కాపాడటానికి కాదు, వైరుని కాపాడటానికి. అది పోయిందని ఇంకా పెద్దది పెట్టారో, నన్ను మళ్ళీ పిలవకండి."

ముందు బ్యాటరీ మైనస్ ఊడదీసింది. "దేనికి చెయ్యి పెట్టినా ముందు ఇది," అని స్పానరు అక్కడే ఒక మేకుకి తగిలించింది. ఫ్యూజుల పెట్టె నుంచి కొత్త వైరు లాగింది. రేకులోంచి దూర్చేచోట అంచుకి వైరు ఒరుసుకోకుండా రబ్బరు వాచరు తొడిగింది. ప్రతి జాయింటూ బిగించాక పట్టుకుని గట్టిగా లాగి చూసింది. అన్నీ అయ్యాక సంచీలోంచి గోళ్ళరంగు సీసా తీసి, బిగించిన ప్రతి స్క్రూ తల మీంచి పక్కనున్న ప్లాస్టిక్కు మీదిదాకా సన్నగా ఒక ఎర్ర గీత గీసింది.

"ఇదేంటమ్మా, సింగారమా?"

"నా సంతకం అనుకోండి," అని నవ్వింది. ఇంకా ఏదో చెప్పబోతుండగా ఫోను మోగింది. ఎవరింట్లోనో మోటారు ఆగిపోయిందట. మాట్లాడుతూనే సంచీ సర్దేసింది.

"టీ పెట్టానమ్మా," అన్నాడు బాబాయి. అప్పటికే రెండు కప్పులు కడిగి బల్ల మీద పెట్టాడు.

"ఇంకోసారి బాబాయ్ గారూ. పనయిపోయిందిగా," అని ఆమె వెళ్ళిపోయింది.

బాబాయి ఒక కప్పు తాగాడు. రెండోది మూత పెట్టి, కాసేపాగి అదీ తనే తాగాడు. దీపం దివ్యంగా వెలుగుతోంది. పేపరు తీశాడు గానీ చదవలేదు. ఆ చిన్న గదిలో ఇంకొక మనిషి గొంతు వినిపించి ఎన్నాళ్ళయిందో ఆయనకి అప్పుడు తెలిసొచ్చింది. ఎదురు కుర్చీలో ఎవరైనా కూర్చుంటే బాగుండునని అంత గట్టిగా ఎప్పుడూ అనిపించలేదు. "పనయిపోయిందిగా" అందామె. అంటే పని ఉన్నంతసేపూ ఉంటుందన్నమాట. ఇదీ ఆయన కనిపెట్టిన సూత్రం. లిఫ్టులో బతికినవాడు మరి, ఎక్కడానికి ఏదో ఒక అంతస్తు ఉంటేనే మనిషి ఎక్కుతాడని నమ్మినవాడు.

కాబట్టి ఫ్యాను కావాల్సొచ్చింది. ఆ తర్వాత ఫోను చార్జింగు పెట్టుకోవడానికి సాకెట్టు. ఆ తర్వాత పొయ్యి మీద పొగ లాగే చిన్న ఫ్యాను. ఆయన వండేది అన్నం, చారు. ఆ చారుకి పొగెక్కడిది? అయినా పెట్టించాడు. తెలిసినవే మళ్ళీ అడిగేవాడు. "మైనస్సే ముందెందుకు తీయాలమ్మా?" ఆమె విసుక్కోకుండా చెప్పేది. ప్లస్ తీస్తుంటే స్పానరు పొరపాటున ఇనుముకి తగిలితే నిప్పులు రాలతాయని, మైనస్ ముందు తీసేస్తే ఆ బెడద లేదని. ఆమె వంగి పనిచేస్తుంటే బాబాయి టార్చి పట్టుకుని నిలబడేవాడు. ఆమె కూతురికి లెక్కలు రావని, వాళ్ళాయన గుర్రు పెడతాడని, ఇలాంటివన్నీ అరలోంచే వినిపించేవి. బాబాయికి అవి పండుగ భోజనం.

చివరికి ఫ్రిజ్జు కొన్నాడు. బ్యాటరీ మీద నడిచే చిన్న ఫ్రిజ్జు. దానికి లావు వైరు, బ్యాటరీ పక్కనే దానికని వేరే ఫ్యూజు, బల్ల కింద అరలో వైర్లని కలిపే కనెక్టరు, కనెక్టరు స్క్రూల మీద ఎర్ర గీతలు. అన్నీ అయ్యాక ఆమె నడుం మీద చేతులు పెట్టుకుని చుట్టూ చూసింది.

"ఇక చాలు బాబాయ్ గారూ. పెట్టెలో ఖాళీ లేదు, బ్యాటరీకి ఓపిక లేదు. ఇంకొక్కటి తెచ్చినా నేను పెట్టను. హాయిగా కూర్చుని చల్లటి నీళ్ళు తాగండి."

బాబాయి కప్పుల వైపు చెయ్యి చాచాడు. "టీ..." అన్నాడు.

"ఇంకోసారి," అందామె. ఆ ఇంకోసారి ఎప్పుడని అడగడానికి ఆయనకి నోరు రాలేదు.

ఆదివారం అక్క ఫోను చేసింది. "అన్నీ బాగానే పనిచేస్తున్నాయారా?"

"ఆఁ, అన్నీ పనిచేస్తున్నాయి."

"ఇంకేం మరి. నీకేం, రాజాలా ఉన్నావు. ఉంటా, బావకి మందులివ్వాలి."

అక్క మంచిదే. ఏదైనా చెడిపోయిందంటే పరిగెత్తుకొస్తుంది. చెడిపోలేదంటే ఫోను పెట్టేస్తుంది. లోకం తీరే అంత, అక్కని అని లాభం లేదు. బాబాయి ఫ్రిజ్జు మోత వింటూ కూర్చున్నాడు. అదేమో ఆగకుండా, కాస్త కూడా మొరాయించకుండా, బుద్ధిగా గుయ్యిమంటోంది. ఆయనకి దాని మీద ఒళ్ళు మండింది.

మర్నాడు పొద్దున్నే బల్ల కింద అర తెరిచి, తువ్వాళ్ళు పక్కకి నెట్టి, కనెక్టరు స్క్రూ ఒకటి కాస్త వదులు చేశాడు. ఫ్రిజ్జు ఆగలేదు. ఇంకాస్త తిప్పాడు. ఈసారి అది ఎక్కిళ్ళొచ్చినట్టు ఆగి, మళ్ళీ మొదలైంది. తువ్వాళ్ళు యథాస్థానంలో పెట్టేసి చేతులు దులుపుకున్నాడు. ఒంటికి షాక్ కొట్టదు, ఏదైనా తేడా వస్తే ఫ్యూజు పోతుంది, ఆమె వస్తుంది, బిగిస్తుంది. ఎవరికీ నష్టం లేని దొంగతనం అనుకున్నాడు.

ఫ్రిజ్జు ఆగి ఆగి నడుస్తోందని ఫోను చేస్తే, "ఇవాళ ఊపిరి సలపడం లేదు బాబాయ్ గారూ. రేపు సాయంత్రం వస్తా," అందామె. "అందాకా ఫ్రిజ్జు స్విచ్చి ఆపేయండి. మర్చిపోకండి."

"అలాగేనమ్మా," అన్నాడు. ఆపలేదు. ఆపి, ఆమె వచ్చాక వేస్తే, ఆ పాడు ఫ్రిజ్జు ఎక్కిళ్ళు మానేసి చక్కగా నడిచిందనుకోండి, ఆయన పరువేం కాను? అందుకని ఆపలేదు. కొత్త టీపొడి కొనుక్కొద్దామని మర్నాడు మధ్యాహ్నం బజారుకెళ్ళాడు.

తిరిగొచ్చి తలుపు తీసేసరికి కాలిన ప్లాస్టిక్కు వాసన గుప్పుమంది. బల్ల కింద అరలోంచి నల్లటి పొగ సన్నగా పాకి వస్తోంది. టీపొడి పొట్లం ఎక్కడ పడిందో తెలియదు. మంచం పలక ఎత్తి, మేకుకున్న స్పానరు తీసుకుని, మైనస్ ఊడదీశాడు. ముందు ఇది, ముందు ఇది అని ఆమె గొంతే చెవుల్లో వినిపించింది. తువ్వాళ్ళు అంచుల్లో ఎర్రగా రాజుకుంటున్నాయి. వాటిని పటకారుతో బయటికి విసిరి, బకెట్టు నీళ్ళు కుమ్మరించాడు. ఇంకాస్త సేపు బజార్లో ఉండి ఉంటే ఆ చెక్క బల్ల, ఆ పరుపు, ఆ గ్యాసు పొయ్యి... ఆ తర్వాతి సంగతి ఆలోచించడానికి ధైర్యం చాలలేదు. తలుపు మెట్టు మీద కూలబడి ఆమెకి ఫోను చేశాడు.

ఆమె వచ్చిపడింది. జుట్టు ముడి వేసుకోలేదు. కాళ్ళకి చూస్తే ఒకటి తన చెప్పు, ఇంకోటి మగవాళ్ళ చెప్పు.

"మీకేం కాలేదుగా? చేతులు చూపించండి. ఏం కాలేదుగా?"

"ఏం కాలేదమ్మా."

ఆయన చేతులు అటూ ఇటూ తిప్పి చూసి, అప్పుడు లోపలికెళ్ళి అర ముందు కూలబడింది. టార్చి వేసింది. "దారంతా నాకిదే గొడవ," అంది తనలో తనే. "ఏ జాయింటు లాగి చూడటం మర్చిపోయాను? లాగానే. అన్నీ లాగానే! ఎక్కడ మర్చిపోయాను?" గొంతులో ఏడుపు వినపడుతోంది. బాబాయి టార్చి అందుకుంటానన్నట్టు చెయ్యి చాచి, మళ్ళీ వెనక్కి తీసుకున్నాడు.

సగం కరిగిన కనెక్టరుని ఆమె బయటికి లాగింది. చాలాసేపు దాన్ని చూసింది. ప్లాస్టిక్కు గోధుమరంగుకి తిరిగినా దాని మీద ఎర్ర గీత ముక్క మిగిలే ఉంది. స్క్రూ తల మీది ముక్క మాత్రం దానికి ఎదురుగా లేదు. తిరిగి ఎటో పక్కకి చూస్తోంది.

"ఇది కదిలింది," అంది నెమ్మదిగా.

బాబాయి నీళ్ళు నమిలాడు. "బండి కుదుపులకేమో..."

ఆమె కిటికీలోంచి బయటికి చూసింది. చక్రాల చుట్టూ గడ్డి మోకాలెత్తు పెరిగి ఉంది. ఆ బండి కదిలిన గుర్తు ఆ గడ్డికి కూడా లేదు. ఆమె ఆయన వైపు తిరిగింది.

"ఎవరు తిప్పారు బాబాయ్ గారూ?"

"నేనే."

"ఎందుకు?"

"నువ్వు వస్తావని." ఇంకా ఏదైనా చెప్పాలేమోనని వెతుక్కున్నాడు. ఏమీ లేదు. ఉన్నదంతా అదే.

ఆమె నిట్టూర్చలేదు, జాలి పడలేదు. ముఖం జేవురించింది. "స్విచ్చి ఆపేయమన్నానా లేదా?"

"అన్నావు."

"ఫ్యూజు ఉందిలే అనుకున్నారా? కరెంటు ఎక్కువైతేనే ఫ్యూజుకి తెలుస్తుంది. వదులు స్క్రూ దగ్గర కరెంటు ఎక్కువవదు, వేడి ఎక్కువవుతుంది. ఫ్యూజుకి అదేం తెలియదు. కొంప బూడిదయ్యాక కూడా అది నిక్షేపంలా ఉంటుంది." ఆమె కనెక్టరుని బల్ల మీద పడేసింది. "మీరు ఈ మంచం మీదే పడుకుని పోయుంటే? నేనేం అనుకునేదాన్ని? నా చేతిపని వల్ల ఒక మనిషి పోయాడనుకుంటూ బతికేదాన్ని. బతికున్నన్నాళ్ళూ ప్రతి ఇంట్లోనూ స్క్రూ బిగిస్తూ మీరే గుర్తొచ్చేవారు. కాదు, నేనే తిప్పానమ్మా అని చెప్పడానికి మీరు కూడా ఉండరు."

బాబాయికి తల కొట్టేసినట్టయింది. తన ఒంటరితనం తనొక్కడి సొంత ఆస్తి అనుకున్నాడు ఇన్నాళ్ళూ. దాన్ని తీసుకెళ్ళి ఈమె నెత్తిన పెట్టబోయాడని ఇప్పుడు తెలిసింది. "తప్పయిందమ్మా," అన్నాడు.

ఆమె కాలిన వైరు కోసేసి కొత్త ముక్క వేసింది. కొత్త కనెక్టరు బిగించింది, లాగి చూసింది, మళ్ళీ లాగి చూసింది. గోళ్ళరంగు సీసా తీసింది.

"ఇది సంతకం కాదు," అంది గీత గీస్తూ. "స్క్రూ కదిలితే గీత తెగుతుంది. చూడగానే తెలుస్తుంది. ఆ రోజు చెప్పబోతుంటే ఫోనొచ్చింది." సీసా మూత బిగించి లేచింది. "తువ్వాళ్ళు ఇక్కడ పెట్టకండి. ఇకముందు పనేదైనా ఉంటే ఇంకొకరిని పిలుచుకోండి."

బాబాయి టీ మాట ఎత్తలేదు. తలుపు మెల్లగానే మూసుకుంది. ఆమె విసురుగా వేసినా బాగుండేదనిపించింది ఆయనకి.

ఆ తర్వాత అన్నీ పనిచేశాయి. దీపం వెలిగింది, ఫ్యాను తిరిగింది, ఫ్రిజ్జు గుయ్యిమంది. పొద్దున లేచి అర తెరిచి ఎర్ర గీతలు చూసుకునేవాడు. ఒక్కటీ తెగలేదు. షెడ్డులో కార్లు కడిగే నీళ్ళ చప్పుడు సాయంత్రానికి ఆగిపోయేది. ఆ తర్వాత టార్పాలిన్లు గాలికి కొట్టుకోవడం తప్ప ఇంకేం వినపడేది కాదు. అక్క ఫోను చేసి, అన్నీ పనిచేస్తున్నాయా అని అడిగి, పెట్టేసింది. బాబాయి రెండో కప్పు కడగడం మానేశాడు. కడిగిందే కడుగుతుంటే తనకే పిచ్చిపట్టినట్టనిపించింది. మనుషుల మధ్య బతికినవాడికి మనుషులు లేకపోవడం ఎలా ఉంటుందో ఎవరైనా అడిగితే, ఆయన ఫ్రిజ్జు తలుపు తీసి చూపించేవాడేమో. లోపల ఒక నీళ్ళ సీసా, సగం పెరుగు గిన్నె, బోలెడంత చల్లదనం.

వానాకాలం వెళ్ళి ఎండ కాసిన ఒక మధ్యాహ్నం, ఫోను తీసుకుని బయట మెట్టు మీద కూర్చున్నాడు. ఆమె నంబరు నొక్కి, వద్దనుకుని ఆపి, మళ్ళీ నొక్కాడు.

"చెప్పండి," అంది ఆమె. పొడిగా ఉంది గొంతు. "ఏం పోయింది?"

"ఏం పోలేదమ్మా. అన్నీ పనిచేస్తున్నాయి."

అటువైపు ఏదో సుత్తి చప్పుడు ఆగింది.

"గీతలు చూసుకుంటున్నాను. ఒక్కటీ కదల్లేదు," అన్నాడు బాబాయి. ఇంత చిన్న మాట చెప్పడానికి ఆయన జన్మలో ఇంత కష్టపడలేదు. "పనేం లేదు. ఊరికే చేశాను."

ఆమె పెట్టేసిందేమోనని ఫోను చెవి నుంచి తీసి చూసుకున్నాడు. లేదు, ఉంది.

"ఈ మాట అప్పుడే చెప్పొచ్చుగా," అంది చివరికి. "స్క్రూ తిప్పే బదులు."

"రాలేదమ్మా నాకు."

"ఆదివారం వీలైతే చూస్తా. మాటివ్వను."

ఆదివారం ఆయన కప్పులు కడగలేదు. కడిగి, ఆమె రాకపోతే చూస్తూ కూర్చోలేననుకున్నాడు. పొద్దు వాలింది. అక్క ఫోను కూడా వచ్చి వెళ్ళింది. ఇక రాదులే అనుకుంటుండగా గడ్డిలో అడుగుల చప్పుడైంది.

వైరింగమ్మే. భుజాన సంచీ లేదు. సంచీ లేని ఆమెని ఆయన అదే మొదటిసారి చూడటం. చెవి మీద పెన్సిలు కూడా లేదు. లోపలికొచ్చి, అలవాటుగా ఫ్యూజుల పెట్టె వైపు ఒక చూపు చూసి, ఎదురు కుర్చీ లాక్కుని కూర్చుంది. కూర్చున్నాక చేతులెక్కడ పెట్టుకోవాలో తెలియక ఒళ్ళో పెట్టుకుంది.

"టీ అన్నారు కదా అప్పుడెప్పుడో."

బాబాయి హడావిడిగా కప్పులు కడిగాడు. పొయ్యి వెలిగించాడు. టీ మరుగుతోంది. పని మధ్యలో తప్ప వాళ్ళిద్దరూ ఏనాడూ కుదురుగా మాట్లాడుకుంది లేదు. ఫ్రిజ్జు గుయ్యిమంటోంది. ఆమె కప్పు అందుకుని, ఊది, ఒక గుక్క తాగింది.

"ఇంతకీ మీరేం పని చేసేవారు బాబాయ్ గారూ?"

"లిఫ్టు నడిపేవాణ్ణమ్మా పెద్ద మేడలో రోజూ అందరూ ఎక్కేవాళ్ళు దిగేవాళ్ళు..." గబగబా మొదలెట్టాడు, ఊపిరి కూడా తీసుకోకుండా, తలుపులు తెరుచుకునేలోపు ముగించేయాలన్న పాత తొందరతో. సగంలో ఆగి తలుపు వైపు చూశాడు. అది మూసే ఉంది. ఆమె కప్పు బల్ల మీద పెట్టి, మోచేతులు ఆనించి, వింటోంది.

"ఆఁ, ఎక్కేవాళ్ళు, దిగేవాళ్ళు... తర్వాత?" అంది.